రంపపు పొట్టు, సీసా మూత

హలో, అందరికీ వినబడుతోందా? నేనేనండీ, ల్యాబ్ స్టోరు చూసుకునే బాబాయిని. చదివింది ఏడో తరగతే. ఇరవై ఏళ్లుగా సీసాలు కడిగి సర్దుతున్నాను కాబట్టి కాస్త సైన్సు ఒంటికి పట్టింది. తప్పులుంటే సర్దుకుపోండి, ప్రేమ మాత్రం కళ్లారా చూసిందే.

మా ల్యాబ్‌లో ఒక కుర్రాడున్నాడు. సీసాబాబు అంటాం. అతని పని రంపపు పొట్టును కరిగించి దారం తీయడం. నమ్మరు కదా, నేనూ నమ్మలేదు. దానికో ద్రవం ఉంది, అయానిక్ లిక్విడ్ అంటారు. అసలుకది ఉప్పే, కాకపోతే గడ్డకట్టకుండా నూనెలా జారుతుంది. అందులో పొట్టు వేసి వేడి చేస్తూ కలిపితే చెక్క కరిగి తేనెలా అవుతుంది. ఆ తేనెను సన్నటి సూదిలోంచి నీళ్లలోకి వదిలితే దారమై గట్టిపడుతుంది.

మంగళవారం మంగళవారం ఆ పొట్టు తెచ్చేది వడ్రంగి మేస్త్రి కూతురు. తనూ వడ్రంగే. చెవి మీద ఎప్పుడూ పెన్సిల్ ఉంటుంది, అందుకే మాకు తను పెన్సిల్.

మొదటి మంగళవారం జోరున వాన. రెయిన్‌కోటు డబ్బాకి తొడిగి, తను తడిసి వచ్చింది.

"ఇదిగోండి పొట్టు. మనిషి తడిసినా సరుకు తడవలేదు."

అప్పుడే కొత్త సీసా తెరిచిన మావాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ కబుర్లు ముప్పావుగంట సాగాయి.

ఆ రోజు పొట్టు కరగలేదు. ఆపై రెండు మంగళవారాలూ కొత్త సీసాలే తెరిచినా అంతే. ముద్దగా అడుగున కూర్చుంది. ల్యాబ్ నడిపే పెద్ద మేడమ్ వచ్చి చూశారు.

"వచ్చే వారం శుక్రవారానికి దారం కనబడకపోతే ఈ బల్ల ఇంకొకరికిస్తాను. నువ్వు వేరే పని చూసుకో."

రెండేళ్ల కష్టం. కుర్రాడి ముఖం మాడిపోయింది. ఆ ఉక్రోషం నాలుగో మంగళవారం గుమ్మంలోనే పెన్సిల్ మీద చూపించాడు.

"మీ పొట్టులో తడి ఉంటోందండీ. నీళ్లు తగిలితే నా ద్రవం చెక్కను కరిగించదు."

"తడా? చెక్కలు ఆరబెట్టే వేడి గదిలో మూడు రోజులుంచి, నా చేత్తో మూత బిగించి తెస్తున్నాను. మీరే ఏదో చెడగొడుతున్నారు."

"నేనా?"

"మరి నేనా? ఇకనుంచి డబ్బా బాబాయ్ వచ్చి తీసుకెళ్తాడు." అని డబ్బాతో సహా వెనక్కి తిరిగింది.

మర్నాడు నేనే వెళ్లి తెచ్చాను. మావాడు ఇంకో కొత్త సీసా తెరిచాడు, సాయంత్రానికి పొట్టు తేనెలా కరిగింది. మావాడికి కాళ్లు నేల మీద ఆనలేదు. నన్ను లాక్కుని వడ్రంగి షాపుకి పరుగెత్తాడు.

"మీరు రాలేదు కాబట్టే కరిగిందండీ."

చెక్కకి చిత్రిక పడుతున్న పెన్సిల్ చెయ్యి ఆగింది.

"అంటే నా అడుగు మంచిది కాదన్నమాట."

మావాడు కంగారుగా చేతులు అడ్డంగా ఊపాడు. అంతలోనే ఏదో తట్టి పెన్సిల్ నావైపు తిరిగింది.

"బాబాయ్, నేనక్కడ ఉన్నంతసేపూ సీసా మూత ఎక్కడుండేది?"

"అతని గుప్పిట్లో అమ్మా. నువ్వు గేటు దాటేదాకా అక్కడే."

"అదీ సంగతి. ఈ వానల్లో ముప్పావుగంట బయట పెడితే చెక్కే ఉబ్బుతుంది. మీ ద్రవం గాలిలో తడంతా తాగేసింది." అతని కళ్లలోకి చూసింది. "మూత ఎందుకు పెట్టలేదు?"

"మీరు మాట్లాడుతున్నారు కదండీ. నా చేతిలో మూత ఉందనే గుర్తు లేదు."

రంపం పక్కనున్న మేస్త్రి కావాలనే దగ్గారు. పెన్సిల్ చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, శుక్రవారం నేను రాను. మీ పని చెడిపోతుంది."

"రండి. మీరు పక్కనుండగా రాని దారం నాకెందుకు?"

వచ్చింది, నాన్నతో సహా. మేడమ్ చేతులు కట్టుకుని నిలబడ్డారు. మావాడు సీసా తెరిచాడు, తలెత్తాడు, ఇంకేముంది, చూపు అతుక్కుపోయింది.

"మూత," అంది పెన్సిల్ మెల్లగా.

టక్కున బిగించాడు. మేడమ్ కూడా నవ్వు ఆపుకోలేకపోయారు.

మధ్యాహ్నానికి పొట్టంతా కరిగింది. సూదిలోంచి నీళ్లలోకి తెల్లటి పోగు జారింది. ఒక మూర, రెండు మూరలు, తెగకుండా గది పొడవునా వచ్చింది. మేడమ్ రెండు చేతులా లాగి చూశారు. తెగలేదు.

"బల్ల నీదే," అన్నారు.

ల్యాబంతా చప్పట్లు. మావాడు ఆ దారాన్ని పెన్సిల్ చెవి మీది పెన్సిల్‌కి చుట్టి చేతిలో పెట్టాడు.

"నాకు జీవితాంతం మూత గుర్తుచేసే మనిషి కావాలండీ."

"సీసా మూతేనా, ఇంట్లో డబ్బాల మూతలు కూడానా?"

"అన్నీ."

"పనెక్కువే. అయినా చేస్తాను."

మేస్త్రి దారాన్ని వేళ్ల మధ్య నలిపి చూసుకుని నాతో అన్నారు: "మేం ఊడ్చి పారేసే పొట్టుకే ఇంత వైభవం తెచ్చాడు. నా పిల్లని ఇంకెంత బాగా చూసుకుంటాడో."

అదండీ సంగతి. మీ ఎరుకలో కూడా ఎవరో ఒకరు, మనసులో మాట చెప్పలేక మూత గుప్పిట్లో పట్టుకుని నిలబడే ఉంటారు. ఈ కథ వాళ్ల ఫోన్‌కి పంపండి. ఉంటాను మరి.