ఖాళీగా వదిలిన చోటు

“కళ్ళు గాడిదకి అప్పగించి నడుస్తున్నావా?” అని అరిచాడు నఖీ. పొద్దుటినుంచి సున్నపురాయి మీద ఎర్రసిరాతో గీసుకున్న గీతలన్నీ ఒక్క కుండ నీళ్ళకి చెరిగిపోయాయి.

“దారికి అడ్డంగా రాళ్ళు పరచుకుని కూర్చుంటే తడవవా మరి, శిల్పిగారూ?” అంది తెంతి. రాజుల సమాధులు తొలిచే పనివాళ్ళ వాడకి ఏటినుంచి నీళ్ళు తెచ్చే ఇంటి పిల్ల.

ఆ తరవాత ఆమె గాడిద రోజూ అతని గుమ్మం ముందే అలిసిపోయేది. తెంతి రొట్టే ఉల్లిపాయా నములుతూ బొమ్మలకి వంకలు పెట్టేది.

“ఈమె మొహమేంటి, పులిసిన బీరు తాగినట్టుంది?”

“నిన్ను చూసే చెక్కాను.”

“అందుకే కాబోలు, మిగతావాటికన్నా నయం!”

వరద తీసేనాటికి నఖీ జానెడు బొమ్మ చెక్కి ఆమెకిచ్చాడు. పక్కపక్కన కూర్చున్న ఆలుమగలు. ఆమె చెయ్యి అతని భుజం చుట్టూ. ఆడమనిషి పక్కన తెంతి పేరు చెక్కి, మగవాడి పక్కన చోటు వదిలేశాడు. ఎవరి పేరని అడుగుతుంది, అప్పుడు చెబుదామనుకున్నాడు.

ఆమె అడగలేదు. మర్నాటినుంచి నీళ్ళు వాళ్ళ నాన్న తెచ్చాడు.

కోతలయ్యాక తెంతి వచ్చి బొమ్మని అతని ముందు పెట్టింది.

“పెన్తవేరు పేరు చెక్కాలి. పడవ నడుపుతాడు. నిన్న నా చాపా కుండలూ వాళ్ళింటికి చేరాయి, పెళ్ళయిపోయింది.”

“నాకోసం ఆగుతావనుకున్నాను” అన్నాడు నఖీ.

“ఆగమని ఎవరు చెప్పారు? పేరు లేని బొమ్మంటే సంతలో ఎవరొస్తే వాళ్ళకి అమ్మే సరుకు. నేనూ అంతేనా అని అమ్మ దగ్గర ఎంత ఏడ్చానో!”

“నువ్వడిగితే చెబుదామని...”

“కొండలాంటి రాళ్ళు పగలగొడతావు. నీ పేరు చెక్కుకోవడానికి నేనడగాలా?”

పేరు చెక్కాకే రాతిలోకి మనిషి వస్తాడు. పోయాక ఆ బొమ్మని సమాధిలో పెడతారు; ఎవరి పేరైతే వాళ్ళే అక్కడ ఎప్పటికీ ఆమె పక్కన. నఖీ ఎర్రసిరాతో పెన్తవేరు పేరు రాయబోయాడు. సగంలోనే చోటు అయిపోయింది. తుడిచి మళ్ళీ రాశాడు. పట్టలేదు.

తెంతి ఆ చోటుని వేలితో తడిమింది.

“ఊరికే వదిలింది కాదన్నమాట. నీ పేరంత కొలిచి వదిలావు.”

నఖీ సిరా మళ్ళీ తుడిచేశాడు.

“చిన్నగా చెక్కు” అంది చివరికి. ఏటి ఒడ్డున పడవలో పెన్తవేరు ఎదురుచూస్తున్నాడు.

నఖీ ఉలి అందుకున్నాడు. తెంతి గుమ్మంలో కూలబడింది.

“మెల్లగానే కానివ్వు, నఖీ. తొందరేం లేదు.”