కడిగిన ట్రేలు

ఉదయం ఏడున్నరకి కూతురు ఫైలు సంచిలో పెట్టుకుని బస్టాండుకి బయలుదేరింది. గ్రాంట్ల ఆఫీసు నుంచి తనిఖీకి వస్తున్న అధికారిని వెంటబెట్టుకు రావాలి. తండ్రి షెడ్డు గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకుంటున్నాడు.

"నాన్నా, ఆయన వచ్చేసరికి ఇక్కడ కాస్త చూడ్డానికి బాగుండేలా ఉంచు" అంది.

ఆయన నోట్లో నురగతోనే తలూపాడు.

షెడ్డు ఇంటి వెనక గోడని ఆనుకుని ఉంటుంది. చుట్టుపక్కల రైతులు సాయంత్రాలు కూరగాయలు తెచ్చి అక్కడ దించుతారు. మర్నాడు అవి దుకాణాలకీ, ఆస్పత్రి వంటగదికీ వెళ్తాయి. వేసవిలో నాలుగు ట్రేలకి ఒకటి పారబోయాల్సి వస్తుంది. గ్రాంటు వచ్చి చల్లగది కట్టుకుంటే ఆ బాధ ఉండదు. మొదట ముప్ఫైమంది రైతులు ఉండేవారు. హైవే పక్కన పెద్ద కంపెనీ లారీ పెట్టాక నలుగురు అటు జారుకున్నారు. మిగతావాళ్ళు గ్రాంటు సంగతి తేలేదాకా ఆగుతామన్నారు. గ్రాంటు రాకపోతే షెడ్డు ఉండదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు.

ఇన్నేళ్ళలో తండ్రి ఏ రైతు సరుకుకీ చీటీ రాయలేదు. ట్రే దిగగానే పక్కన సుద్దముక్కతో ఒక గుర్తు వేస్తాడు. కళ్ళజోడు రైతుకి రెండు సున్నాలు. కవలలున్న ఇంటికి రెండు నిలువు గీతలు. వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా నోరు మూయని ఒకాయనకి గంట. తన గొంతు బాగుందని వేశారనుకుంటాడు ఆయన.

స్థానిక ఆహార సరఫరాని బలపరచడానికి ప్రభుత్వం ఇచ్చే ఈ గ్రాంటుకి నలభై ఏళ్ళలోపు వాళ్ళే దరఖాస్తు చేయాలి. అందుకని కూతురు తన పేరు మీద చేసింది. నాలుగు నెలలు దానిమీదే కూర్చుంది. షరతుల్లో ఒకటి, ఏ ట్రే ఏ పొలం నుంచి వచ్చిందో ఎప్పుడడిగినా చూపించాలి. సుద్దగుర్తుల గురించి ఆమె మూడు పేజీలు రాసింది. రాసిన సంగతి ఇంట్లో చెప్పలేదు.

పదింటికి ఆమె అధికారిని తీసుకొచ్చేసరికి షెడ్డు ముందు నేలంతా తడి. తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసి ఉంది. తల్లి చీపురు గోడకి ఆనించి కొంగుతో చేతులు తుడుచుకుంది. లోపల అరవై నాలుగు ట్రేలు వరసగా పేర్చి ఉన్నాయి. టమాటాలు సైజుల వారీగా, వంకాయలు తొడిమలన్నీ ఒకవైపుకి.

బాగా సర్దారని అధికారి మెచ్చుకున్నాడు. దరఖాస్తు తెరిచి, ఆ మూడు పేజీల దగ్గర వేలు పెట్టి, ఈ గుర్తులు చూపించమన్నాడు.

ఆమె మొదటి ట్రే తిప్పింది. రెండోది తిప్పింది. తర్వాత తిప్పడం మానేసి వరస వెంట నడుస్తూ చూసింది.

"ఒక్క మరక లేదు సార్. అన్నీ కడిగేశాం" అన్నాడు తండ్రి.

అధికారి ఒక టమాటా తీసి ఇది ఎవరి తోటదని అడిగాడు. తండ్రి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత దానివైపు చూడ్డం మానేశాడు.

"కాయలన్నీ పట్టా మీద కుప్పపోశాం సార్. ఏరి మళ్ళీ సర్దాం. ఎవరివని చెప్పమంటారు?"

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి, దగ్గరున్న ట్రే మీద రెండు సున్నాలు గీయబోయాడు.

"వద్దు పెద్దాయనా" అన్నాడు అధికారి. "నా ఎదురుగా గీస్తే అది కూడా నేను రాయాల్సి వస్తుంది."

రేపు రమ్మని కూతురు అడిగింది. గ్రాంటు జాబితా ఈ రోజుతో ముగుస్తుందని ఆయన చెప్పాడు. ఈ కాయ తిని ఎవరికైనా జబ్బు చేస్తే ఏ పొలానికి వెళ్ళాలో తెలియాలి కదా అన్నాడు. సరుకు ఎక్కడిదో చూపలేకపోయారని రాసి, ఆమెతో సంతకం పెట్టించుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆయన్ని ఆటో ఎక్కించి ఆమె తిన్నగా వంటగదిలోకి వచ్చింది. తండ్రి పీట మీద కూర్చుని ఉన్నాడు.

"నాలుగు నెలలు నాన్నా. నా పేరు మీద వస్తోందని మొదట్నుంచీ నీకు మంట. పోనీ, నోటితో ఒక మాట అంటే సరిపోయేదిగా. ఇంత కష్టపడి చెడగొట్టాలా?"

తల్లి స్టవ్ ఆపింది.

"కాస్త చూడ్డానికి బాగుండాలని చెప్పి వెళ్ళిందెవరు?" అంది తల్లి.

"చిమ్మమన్నాను. గుర్తులు చెరపమన్నానా?"

"ఆస్పత్రి వంటగది మేనేజరు వచ్చిన రోజు ఏమన్నావో గుర్తుందా? 'మా నాన్నవి ఒకటో తరగతి రాతలండీ, ఏమనుకోకండి' అన్నావు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఈయన అక్కడే ఉన్నాడు, కాటా పక్కన. పొద్దున్న నువ్వు గేటు దాటగానే పైపు అందుకున్నాడు. అమ్మాయికి తలవంపులు రాకూడదన్నాడు. సందుల్లో సుద్ద పోవట్లేదని తన పళ్ళ బ్రష్‌తో తోమాడు."

కొళాయి గట్టు మీద ఆ బ్రష్ ఉంది. కుచ్చు పక్కకి ఒరిగి, మొదట్లో తెల్లగా, చివర మట్టిరంగులో ఉంది. కూతురు దానివైపు చూసి కూర్చుంది.

కొంతసేపటికి తండ్రి ఆ మూడు పేజీలు చదివి వినిపించమన్నాడు. ఆమె చదివింది. కళ్ళజోడు, కవలలు, గంట, అన్నీ ఉన్నాయి. ఏ గుర్తు ఎందుకు పుట్టిందో కూడా ఉంది. ఆయన మధ్యలో రెండుసార్లు తలూపాడు. చివరి వాక్యం దగ్గర ఆమె గొంతు తగ్గింది. 'ఈ విధానాన్ని రూపొందించి అమలు చేస్తున్నది దరఖాస్తుదారు.'

"బాగా రాశావు" అన్నాడు. "ఇందులో నేనెక్కడున్నానమ్మా?" అని అడిగాడు.

లేడని తెలిసి కూడా ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. ఇంట్లో చెప్పకపోవడానికి కారణం అదే. చెబితే చదవమంటాడు. చదివితే ఈ ప్రశ్న అడుగుతాడు. ఈ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి షెడ్డునే పోగొట్టానని అర్థమయ్యాక ఆమె ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

కబురు అప్పటికే పాకింది. ఆ సాయంత్రం పంతొమ్మిది మందే వచ్చారు. కళ్ళజోడు రైతు ట్రేలు దించి ఏమీ అడక్కుండా వెళ్ళాడు. గంట ఆయన రాలేదు. ఆయన మాటలు లేక షెడ్డులో ట్రే కింద పెట్టిన చప్పుడు కూడా వినపడుతోంది.

ఆఖరి రైతు వెళ్ళాక కూతురు వచ్చి చెయ్యి చాపింది. తండ్రి సుద్దముక్క ఇచ్చాడు. ఆమె ఒక ఖాళీ ట్రే మీద గంట గీసింది. ఆయన వంగి చూసి, బొటనవేలితో చెరిపి, ఆమె చెయ్యి పట్టుకుని మళ్ళీ గీయించాడు.

"లోపల నాలుక మర్చిపోయావు."

"ఆయన లారీకి వెళ్ళిపోయాడుగా నాన్నా."

"రేపొస్తే?"

ఆమె ఆ ట్రే తీసుకెళ్ళి గుమ్మం పక్కన, గుర్తు వీధివైపు కనపడేలా పెట్టింది.