మూడో పిలుపు దాకా

కన్నబాబూ, తాతబాబూ,

ఇది మీరిద్దరూ పుట్టకముందు జరిగిన సంగతి. ఇంతవరకు మీకు ఎవరూ చెప్పలేదు, నేనే చెప్పనివ్వలేదు. క్లాంగులో మళ్ళీ దొంగల భయం మొదలైందని అమ్మ రాస్తే, పీనాంగు బడినుంచి మీరు నాకు జాబు రాశారు. మనింట్లో తుపాకి ఎందుకు లేదు, కొంటే ఏ రకం మంచిది అని అడిగారు. పెద్దవాడు ఎక్కడో కత్తిరించి పంపిన తుపాకుల బొమ్మలు కూడా చూశాను. జవాబు రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. నెమ్మదిగా చదవండి. పగటిపూట చదవండి.

అప్పుడు నేను ఈ మలాయి దేశంలోనే, సుంగై పెటాని దగ్గర ఒక రబ్బరు తోటలో కిరాణిని, అంటే గుమాస్తాని. హాజరు పట్టీలు రాయడం, మందుల పెట్టె తాళం దగ్గర ఉంచుకోవడం నా పని. మా ఇల్లు కూలీలు వరసగా కాపురముండే లైన్లకు కాస్త దూరంగా ఉండేది. చెక్క పలకల గోడలు, ఆకు కప్పు. వెనక తలుపు తీస్తే ఇరవై అడుగుల్లో రబ్బరు చెట్లు మొదలు. మీ అక్క ముత్యాలుకు ఆరేళ్ళు. అప్పటికి మాకు అదొక్కతే.

ఆ ఏడాది తోటల్లో చాలామందికి పని పోయింది. పక్క తోట కిరాణి ఇంట్లో సందెవేళే ఎవరో జొరబడి, ఆయన్ని స్తంభానికి కట్టి, చెవి కోశారు. ఆ వార్త విన్నప్పటినుంచి నాకు అన్నం సయించలేదు. గడియ వేశానా లేదా అని ఒక్క పూటలో ఏడుసార్లు చూసేవాణ్ణి. కూలీలపై మేస్త్రీ, మా కంగాణి వీరాస్వామి నవ్వేవాడు. "బావూ, నీ గడియ అరిగిపోతాది గానీ దొంగ మాత్రం రాడు లా" అనేవాడు, మలాయివాళ్ళ "లా" తగిలించి.

లైసెన్సు తెచ్చుకుని పీనాంగు వెళ్ళాను. తుపాకుల కొట్టులో ముసలి చీనా ఆయన సగం తమిళం, సగం మలాయిలో ఎంతో ఓపికగా చెప్పాడు. నేను రివాల్వరు అడిగితే వద్దన్నాడు. భయంలో చెయ్యి వణుకుతుంది, ఆ గుండు పలక గోడను దూసుకుపోయి పక్కగదిలో పడుకున్న పిల్లకు తగులుతుందన్నాడు. జంట గొట్టాలది బరువెక్కువ, అలవాటు లేనివాడికి ఒంటి గొట్టమే మేలన్నాడు. పందులను కొట్టే పెద్ద గుండ్ల తూటాలు తీసి పక్కన పెట్టి, పిట్టల తూటాలు చాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. నా బిడ్డ ఉన్న ఇంటికి పిట్టల తూటాలేమిటి? పెద్దవే కొన్నాను. లాంతరు కంటే టార్చి మంచిదంటే అదీ కొన్నాను. పెరట్లో మోకాలెత్తున తీగ కట్టి పాల డబ్బాలు వేలాడదీయమంటే, ఇంటికొచ్చి అలాగే కట్టాను. చివరికి ఆయన నా భుజం తట్టి ఒక మాట అన్నాడు. ముందు నోరు, తరవాత తుపాకి. ఎవరని అడగకుండా ఎన్నడూ కాల్చకు.

అన్నీ రాసుకున్నాను. అదీ రాసుకున్నాను.

కానీ మన వైపు ఒక కట్టుబాటు ఉంది, మీ అమ్మ మీకు నేర్పలేదు. సందె పడ్డాక బయటినుంచి ఎవరైనా పిలిస్తే మూడో పిలుపు దాకా పలకకూడదు. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. మనిషి కానిది రెండుసార్లకు మించి పిలవలేదు. మా నాన్న ఆ కట్టు తప్పేవాడు కాదు. సముద్రం దాటి వచ్చినా నేనూ తప్పలేదు.

తుపాకి కొన్న పన్నెండో రోజు. మధ్యాహ్నంనుంచి వాన. ఆరు గంటలకే చీకటి కమ్మింది. మీ అమ్మ దాలమ్మ ముందు గదిలో ముత్యాలుకు అన్నం పెడుతోంది. పెరట్లో డబ్బాలు గలగలమన్నాయి.

"కిరాణి బావూ…"

ఆడగొంతు. నేను తుపాకి అందుకున్నాను. పలకలేదు.

"కిరాణి బావూ…"

రెండు. మూడోదానికోసం ఊపిరి బిగబట్టాను. వాన హోరు తప్ప ఏమీ లేదు. మనిషి కాదు అనుకున్నాను. కాకపోతే, ఆడదాన్ని ముందు పెట్టి పిలిపించే దొంగలు. అంతలో తలుపు పలక గడియ మీదికి ఒత్తుకుంది. ఎవరో భుజంతో తోస్తున్నట్టు…

కాల్చాను.

తలుపు తీసి టార్చి వేస్తే, కూర్మమ్మ. లైన్లలో ఉంటూ రబ్బరు చెట్లకు పాలు గీసే మనిషి, మొగుడు చనిపోయినది. రెండేళ్ళ కొడుకుకు జ్వరం ముదిరి కళ్ళు తేలేస్తుంటే, మందుకోసం పరుగెత్తుకొచ్చింది. ఆయాసంతో మూడోసారి గొంతు పెగలక తలుపు మీద వాలింది. మెట్ల మీద పడి ఉంది. వాన నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. నావంక చూసి నెమ్మదిగా అడిగింది.

"పలికితే ఏటి పోయీది బావూ?"

అంతే. తెల్లారేసరికి ఆ పిల్లవాడూ పోయాడు.

విచారణలో మేజిస్ట్రేటు దొర నన్ను ఒక్కటే అడిగాడు, కాల్చేముందు ఎవరని అడిగావా అని. ఏం చెప్పాలో వీరాస్వామి ముందే నేర్పాడు. ప్రమాణం చేసి, మూడుసార్లు అడిగానని చెప్పాను. లైన్లవాళ్ళు వెనక నిలబడి విన్నారు. ప్రమాదమని రాసి వదిలేశారు. నా తుపాకి నాకు ఇచ్చేశారు.

నెల తిరక్కముందే, వాన పడిన ఒక సందెవేళ, పెరట్లోంచి పిలుపు వచ్చింది. రెండుసార్లు. మీ అమ్మ కూడా విన్నది. తలుపు తీస్తే ఎవరూ లేరు. మెట్ల మీద పులిసిన రబ్బరు పాల వాసన. ఆ తరవాత వాన పడిన ప్రతి సందెకూ అంతే. డబ్బాలు మోగేవి, రెండు పిలుపులు, ఆ వాసన. కుక్కను తెచ్చి కట్టాను. మూడో రోజు అది గొలుసు తెంపుకుని పోయింది, మళ్ళీ రాలేదు. తలుపుకు రేకు కొట్టించాను. అడ్డకమ్మీ వేయించాను. పీనాంగు వెళ్ళి ఈసారి జంట గొట్టాలది అడిగాను. ముసలాయన నా ముఖం చూసి, ఎవరికోసం అన్నాడు. నేను డబ్బు లెక్కపెట్టి ముందు పెట్టాను. మనిషికైతే నా దగ్గర సరుకుంది, అని మాత్రం అని తుపాకి ఇచ్చాడు.

ఆ వారమే ఒక సందెవేళ, నేను తలుపుకు చెవి ఆనించి ఉండగా, పలకల సందులోంచి గుసగుసగా వినపడింది.

"నీ కూతురు పిలిస్తే పలుకుతావేటి, బావూ?"

అప్పుడు తెలిసింది ఆమెకు ఏం కావాలో. నా ప్రాణం కాదు. నా చేతులతోనే నా బిడ్డను… మిగతాది నేను రాయలేను.

వేరే తోటకు మార్చమని తోట దొరకు అర్జీ పెట్టాను. ఏడాది చివరి దాకా ఆగమన్నారు. అప్పటినుంచి సందె పడకముందే ముత్యాలును నడిమి గదిలో ఉంచి, తలుపుకు నేనే బయట గొళ్ళెం పెట్టేవాణ్ణి. పిల్ల ఏడ్చేది. మీ అమ్మ నన్ను తిట్టేది, నువ్వు కాపలా కాస్తున్నది దొంగకా, కూతురికా అనేది. నిజమే. అయినా పెట్టేవాణ్ణి.

కూర్మమ్మ పోయి సరిగ్గా ఏడాది నిండిన రోజు. వాన. మీ అమ్మ ముందు గదిలో దీపం పెడుతోంది. నడిమి గదికి గొళ్ళెం పెట్టాను. లాగి చూశాను. మళ్ళీ లాగి చూశాను. వెనక తలుపుకు ఎదురుగా కూర్చుని, రెండు గొట్టాల్లోనూ తూటాలు వేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

డబ్బాలు మోగాయి.

"కిరాణి బావూ…"

పలకలేదు.

"కిరాణి బావూ…"

వాసన. గదంతా. నా గొంతులోకి దిగింది.

అడ్డకమ్మీ తనంతట తాను లేచింది. చూస్తూనే ఉన్నాను… గడియ జరిగింది. తలుపు లోపలికి తెరుచుకుంది. వానలో ఒక ఆకారం. గడపలో నిలబడింది. కదలలేదు. తుపాకి ఎత్తాను. చెయ్యి వణకలేదు. ఎందుకో ఆ రోజు అసలు వణకలేదు. ట్రిగ్గరు మీది వేలు లోపలికి పోయింది…

నోరు తెరిచాను. జీవితంలో మొదటిసారి, మూడో పిలుపు దాకా ఆగకుండా అడిగాను.

"ఎవరది?"

"నేనే, నాన్నా."

ముత్యాలు. తడిసి ముద్దయి, గడపలో. తుపాకి కింద పడేసి బిడ్డను ఎత్తుకున్నాను. కూలబడి ఏడ్చాను. గెలిచాను అనుకున్నాను నాయనలారా. ఒక్క మాట అడిగి నా బిడ్డను దక్కించుకున్నాను అనుకున్నాను.

మీ అమ్మ దీపం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏటది పేలింది?" అంది.

ఏమీ పేలలేదన్నాను. వాకిట్లో వీరాస్వామి అరుస్తున్నాడు. లైన్లనుంచి పదిమంది వచ్చారు. అందరూ చప్పుడు విన్నారు. ఒకరు ఒకటంటారు, ఒకరు రెండంటారు. నేను మాత్రం ఏమీ వినలేదు.

తుపాకి గొట్టాలు కిందికి మడిచి, తెరిచి చూశాను. రెండు తూటాలూ పేలి ఉన్నాయి. గొట్టాలు వేడిగా ఉన్నాయి. నడిమి గది గొళ్ళెం పెట్టింది పెట్టినట్టే ఉంది. తీసి చూస్తే లోపల చాప ఖాళీ. ముత్యాలు గౌను రొమ్ము మీద చిల్లులు, అంచులు కాలి నల్లగా. మీ అమ్మ గౌను విప్పి దీపం దగ్గర పెట్టి వెతికింది. ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. ఒళ్ళు మాత్రం చల్లగా ఉంది.

నేను అడిగింది ముందా… పేలింది ముందా? పధ్నాలుగేళ్ళుగా అదే లెక్కపెడుతున్నాను. ఎవరైనా ప్రమాణం చేయమంటే, ఈసారి ఏమని చేయను?

మర్నాడే తుపాకులు రెండూ ఠాణాలో అప్పగించి, ఉద్యోగం వదిలి క్లాంగు వచ్చేశాం. తరవాత మీరిద్దరూ పుట్టారు. మిమ్మల్ని ఎత్తుకుని తిప్పింది, మీకు అన్నం తినిపించింది మీ అక్కే. ఆమె మీకు ఏనాడూ ఏ లోటూ చేయలేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెబుతాను. ఆమెకు జ్వరం రాదు. అంతకంటే ఏమీ తెలియదు నాకు.

కాబట్టి ఇంటికి తుపాకి వద్దు. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలకండి. ఏం పోయినా పోనీండి.

ఆ గౌనును మీ అమ్మ పారేయలేకపోయింది. ఉతికి, ఆరబెట్టి, ఇనప పెట్టె అడుగున పెట్టి తాళం వేసింది. మీ ఉత్తరం వచ్చిన రోజు నేను ఆ పెట్టె తెరిచాను. పైన చీరలు పొడిగా ఉన్నాయి. కింద కాగితాలు పొడిగా ఉన్నాయి. గౌనునుంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి, అప్పుడే వానలోంచి తెచ్చినట్టు.

రేపు మీకు పిల్లలు పుడితే ఈ కథ వాళ్ళకు చెప్పండి. నేను దాచినట్టు దాచకండి. కానీ చెప్పేముందు, మీ అక్క ఇంట్లో లేదని చూసుకోండి.

మీ నాన్న,
నారాయణస్వామి