ఆరో పాఠం

కొత్త వైద్యుడి కంటే పాత రోగి మేలని సామెత. హెలెన్‌కి ఆ సామెత తెలుసు. తన గురించే అయ్యుంటుందని మాత్రం అనుకోలేదు పాపం.

అద్దంకి దగ్గర పల్లె వాళ్ళది. డిగ్రీ అయ్యాక గుంటూరులో ఫిలిప్ మాస్టారి మనస్తత్వశాస్త్రం కోర్సులో చేరింది. మాస్టారు ముప్పై ఏళ్ళు మానసిక రోగుల వార్డులో నర్సుగా చేసిన మనిషి. శనివారానికో పాఠం ఫోనుకి పంపుతారు. మొదటి పాఠం చదివిందో లేదో, హెలెన్ ఊళ్ళో అందరికీ తలా ఒక జబ్బు అంటగట్టేసింది. గేటు తాళం నాలుగుసార్లు లాగి చూసుకునే పాస్టరు గారికి ఒకటి, వాళ్ళమ్మకి రెండు. "ముందా అంట్లు తోము. నా మనసు తర్వాత చూద్దువు గాని" అంది వాళ్ళమ్మ.

ఆ సరదా అంతా గురవమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయింది.

గురవమ్మ భర్త బుల్లయ్య మిరప చేలో మోటారు దగ్గర షాక్ కొట్టి పోయి నలభై రోజులైంది. అప్పటినుంచీ ఆమెకి తిండి లేదు, మాట లేదు. చేలకి కరెంటు వచ్చినప్పుడల్లా మాత్రం "పిలుస్తున్నాడు" అని లేచి మోటారు వైపు నడుస్తుంది. తడి చేతులు స్టార్టరు డబ్బాలో పెట్టబోతుంటే కూలీలు రెండుసార్లు వెనక్కి లాగారు. కూతురు హారిక, హెలెన్ పదో తరగతి దాకా ఒకే బెంచీ. గుంటూరులో డాక్టరుకి చూపించడానికి సోమవారానికి పేరు రాయించింది హారిక. పొద్దున్నే వరసలో నిలబడాలని ఆదివారమే బస్సెక్కుతూ, డబ్బా తాళంచెవి హెలెన్ చేతిలో పెట్టింది.

"ఈ ఒక్కరోజు అమ్మని కాపాడవే. రేపు పొద్దున్నే తీసుకొచ్చెయ్" అంది.

ఫిలిప్ మాస్టారికి ఫోను చేస్తే ఒకటే చెప్పారు. "నువ్వింకా ఓనమాల్లో ఉన్నావమ్మా. పక్కన కూర్చుని విను. అంతకుమించి ఏమీ చెయ్యకు."

చర్చి నుంచి హెలెన్ కల్లానికి వెళ్ళేసరికి ఎండ మాడిపోతోంది. గురవమ్మ రేకుల షెడ్డులో గోడకి ఆనుకుని కూర్చుంది. తలుపు మూస్తే లోపల చీకటే. గోనెసంచుల ముక్క వాసన, దాని మీద ఎండుమిరప ఘాటు. వేడికి రేకులు ఉండుండి టక్కుమంటున్నాయి. హెలెన్‌కి దగ్గు ఆగడం లేదు. మూలగా బుల్లయ్య నులక మంచం, దాని మీద మడిచిన తువ్వాలు.

రెండింటికి కరెంటు వస్తుంది. ఇంకా అరగంట ఉంది.

విందామంటే ఆవిడ నోరు విప్పితేగా. హెలెన్‌కి భయం పట్టుకుంది. ఈ డబ్బాకి తాళం ఉన్నా పక్క చేలల్లో డబ్బాలున్నాయిగా, కరెంటు వచ్చాక ఈ మనిషిని తనొక్కతే పట్టుకోగలదా? నిన్న వచ్చిన ఆరో పాఠం గుర్తొచ్చింది. ఖాళీ కుర్చీ. పోయినవాళ్ళు అందులో ఉన్నారనుకుని మనసులో మాట చెప్పించాలి. తర్వాత చెప్పిన మనిషినే ఆ కుర్చీలో కూర్చోబెట్టి, వాళ్ళు ఏం జవాబిస్తారో చెప్పించాలి. ఆపైన ఎలా ముగించాలన్నది ఏడో పాఠంలో. అది వచ్చే శనివారం.

"గురవమ్మ గారూ... మంచం మీద ఆయన ఉన్నారనుకోండి. చెప్పాలనుకున్నది చెప్పండి."

గురవమ్మ మంచం మీది తువ్వాలు వైపు తిరిగింది. ఆమె పెదాలు కదిలాయి.

"తడి చేతుల్తో పోతంటే చూశానయ్యా... చూసి కూడా ఊరుకున్నా..."

హెలెన్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. గర్వంగా కూడా అనిపించింది, ఎందుకు దాచడం.

"ఇప్పుడు మీరా మంచం మీద కూర్చోండి. ఆయనేమంటారో చెప్పండి."

గురవమ్మ తల అడ్డంగా ఊపింది. "ఆయన మంచం మీద నేనెట్టా కూర్చుంటానమ్మాయ్? ఆయనుండగానే ఏనాడూ కూర్చోలా."

టైము చూసింది హెలెన్. రెండింటికి ఇంకా ఐదు నిమిషాలు. ఆవిడ కూర్చోకపోతే తను కూర్చుంటే ఏం పోయింది? వెళ్ళి మంచం మీద కూర్చుంది. నులక కిర్రుమంది.

"నీ తప్పేం లేదు గురవా" అంది, పాఠంలో ఉన్నట్టే.

అక్కడితో ఆపుదామనుకుంది. నోరు ఆగలేదు.

"గోంగూరలో ఉప్పెక్కువైందని కంచం నెట్టేసి వచ్చా... నా మనసు మనసులో లేదు... నువ్వు పిలిచినా వినపడేది కాదు..."

గురవమ్మ తలెత్తింది. "ఆ కంచం సంగతి నేనెవరికీ చెప్పలేదే" అంది మెల్లగా.

ఆ మాట తనకెలా తెలుసు? హెలెన్ లేవబోయింది... కాళ్ళు తనవి కానట్టున్నాయి. అప్పుడు గమనించింది. షెడ్డులోకి వచ్చినప్పటినుంచీ ఆగని దగ్గు ఆగిపోయింది. షెడ్డు నిండా ఘాటు... గొంతులో మాత్రం మంట లేదు.

పక్క చేలల్లో మోటార్లు గుర్రుమన్నాయి. కరెంటు వచ్చింది.

హెలెన్ గురవమ్మనే చూస్తోంది. ఇప్పుడు లేస్తుంది... ఇప్పుడు...

గురవమ్మ కదల్లేదు.

"పిలుస్తున్నారా?" గుసగుసగా అడిగింది హెలెన్.

"లేదు" అంది గురవమ్మ. నలభై రోజుల్లో మొదటిసారి ఆమె ముఖంలో నవ్వు. "లోపలికొచ్చిన మనిషి బయటినుంచి ఎట్టా పిలుస్తాడు?"

ఆ సాయంత్రం గురవమ్మ పొయ్యి వెలిగించి అన్నం వండింది. రెండు కంచాలు పెట్టింది. హెలెన్ మాస్టారికి ఫోను చేసి జరిగింది చెప్పింది.

మాస్టారు ఒక్కటే అడిగారు. "లేచాక నీ పేరు నువ్వు చెప్పుకున్నావా తల్లీ? ఒకరి పాత్రలో కూర్చుంటే, లేచి మన పేరు గట్టిగా చెప్పుకుని బయటికి రావాలి. చెప్పు. ఇప్పుడే చెప్పు."

"హెలెన్" అంది. ఎక్కడో విన్న పేరులా ఉంది. మళ్ళీ అంది. ఎవరో ఆడపిల్ల పేరు.

సోమవారం పొద్దున్నే గుంటూరు చేరారు. డాక్టరు గారు గురవమ్మతో అరగంట మాట్లాడి, తిండీ నిద్రా అడిగి, హారికకి ధైర్యం చెప్పారు. అమ్మ నోట మాట విని హారిక ఏడ్చేసింది. హెలెన్ చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకపోతే అమ్మ దక్కేది కాదే" అంది. ఆ మాట నిజం. గురవమ్మ దక్కింది.

మందుల కోసం హారిక కిందికి వెళ్ళింది. కౌంటరులో నర్సమ్మ ఒక కాగితం హెలెన్ ముందుకి తోసింది. "తోడు వచ్చింది మీరే కదా, చదివి సంతకం పెట్టండి."

హెలెన్ పెన్ను తీసుకుంది. కాగితం వైపు చూసింది. గీతలు, చుట్టలు, చుక్కలు... అన్నీ కనబడుతున్నాయి. ఒక్కటీ పలకడం లేదు. గోడ మీద బోర్డు చూసింది. అదీ అంతే. పెన్ను ఎలా పట్టుకోవాలో వేళ్ళకి తోచడం లేదు. అరవాలనుంది...

వెనకనుంచి గురవమ్మ వచ్చి భుజం మీద చెయ్యి వేసింది, మొగుణ్ణి పదిమందిలో చిన్నబోనివ్వని ఇల్లాలిలా.

"ఆయనకి చదువు రాదమ్మా. వేలిముద్ర వేయించుకోండి."

నర్సమ్మ తలెత్తి చూసేసరికి, హెలెన్ ఎడమ బొటనవేలు ఇంకు ప్యాడు మీద ఉంది.