తొమ్మిదో గ్లౌజు

మా విశ్వవిద్యాలయ బేస్‌బాల్ జట్టు చరిత్ర రాసే పని 1969లో నాకు అప్పగించారు. రెండేళ్ల క్రితం వరకు నేనే ఆ జట్టు కెప్టెన్‌ని. అప్పటికి విజయనగరంలో చరిత్ర బోధిస్తున్నాను. ఆధారం లేని వాక్యం రాయకూడదన్నది నా నియమం. దెయ్యాలను నమ్మకపోవడానికీ అదే కారణం.

ఆ చరిత్రలో నాకు నచ్చిన విషయం గ్లౌజులది. బంతి పట్టే తోలు గ్లౌజులు మాకు తొమ్మిదే ఉండేవి. అవతలి జట్టుకు అవీ ఉండేవి కావు. అందుకని మా ఫీల్డింగు ముగియగానే, ఎవరి గ్లౌజు వాళ్లు నిలబడ్డ చోటే, అరచేయి పైకి ఉండేలా నేలమీద పెట్టి వచ్చేవాళ్లం. ఆ స్థానంలోకి వచ్చేవాడు దాన్ని తొడుక్కునేవాడు.

1967 తరువాత ఎనిమిదే మిగిలాయి. తొమ్మిదోది గజపతినగరం దగ్గరి మైదానం అంచున ఉన్న నేలబావిలో, మా జట్టువాడు, నన్ను చనువుగా బావా అని పిలిచే సోములుతోపాటు పడిపోయింది. సోములు శవం దొరికింది. గ్లౌజు దొరకలేదు.

అచ్చుకు పంపేముందు అతని తల్లి తవిటమ్మ మా ఇంటికి వచ్చింది.

"మా గుంటడి పేరేసినావా బాబూ?"

"వేశానమ్మా."

"ఏటని ఏసినావు?"

చదివాను. 'సోములు బంతి వెంట తనంతట తానే వెనక్కి పరుగెత్తి, ప్రమాదవశాత్తు మరణించాడు.'

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఆడు సెప్పినమాట ఇనే గుంటడు బాబూ. ఎవులూ సెప్పకుండా ఎల్లడు."

నిజమే. ఆ రోజు బంతి ఆకాశంలోకి లేచింది. "వెనక్కి!" అని అరిచాను. చూపు బంతిమీంచి తిప్పకుండానే సోములు అడిగాడు: "ఇంకా ఎనక్కా బావా?" తీగలు కప్పేసిన బావి అక్కడుందని నాకు తెలుసు. అతనికి తెలియదు. మరో రెండడుగుల చోటుందనుకున్నాను. ఆ ఒక్క క్యాచ్ పడితే గెలుపు మాది.

"ఇంకా!" అన్నాను.

మర్నాడు సాయంత్రం కొలత టేపు తీసుకుని ఆ మైదానానికి వెళ్లాను. నా గొంతు అంతదూరం వినిపించే అవకాశం లేదని తేలితే, నా వాక్యం అబద్ధం కాదు కదా! నేను నిలబడ్డచోట మేకు దిగగొట్టి, టేపు చివర దానికి తగిలించాను. మేకునే చూస్తూ, బావి దిశగా వెనక్కి నడిచాను. మసక చీకటి. తడి మట్టి వాసన. నాచు వాసన. ఎక్కడా పిట్ట కూత లేదు...

ముప్పై గజాలు. నలభై. యాభై...

టేపు బిగిసింది. నేను లాగలేదు.

వీపు వెనక, చెవి పక్కనే, గుసగుస.

"ఇంకా... ఎనక్కా... బావా?"

కదలలేదు. మడమ కింద నేల లేదు. ఒక మట్టిపెళ్ల జారింది. చాలాసేపటికి... నీళ్ల చప్పుడు.

టేపు వదిలేసి పరుగెత్తాను.

బస్సు విజయనగరం చేరేలోగా గాలి, అలసట, భ్రమ అని మూడు కారణాలు సిద్ధం చేసుకున్నాను. వాక్యం మార్చనక్కరలేదని నిర్ణయించుకున్నాను కూడా.

తాళం తీయబోతే గడపమీద ఏదో కాలికి తగిలింది. అగ్గిపుల్ల గీశాను. తోలు గ్లౌజు. అరచేయి పైకి పెట్టి ఉంది. కుట్ల మధ్య నాచు. నీరు ఇంకా కారుతోంది.

లోపలికి వేళ్లు పోనిచ్చాను.

వెచ్చగా ఉంది... ఎవరో ఇప్పుడే చేయి తీసినట్టు.