నవ్వకుండా ఒక్క ఫోటో

"పదిహేడో నెంబరు సభ్యుడు పంపిన కొంగ ఫోటో ఈ నెల పోటీకి వచ్చింది. కొంగ నిటారుగా నిలబడి, గడ్డం కాస్త దించి, రెండు చెవులూ కనిపించేలా సూటిగా చూస్తోంది. వీసాకి అప్లై చేసుకున్నట్టుంది. దానికి మా శుభాకాంక్షలు."

ఫోటోగ్రఫీ క్లబ్బు బులెటిన్‌లో ఈ వార్త చదవగానే పదిహేడో నెంబరు సభ్యుడికి ఒళ్ళు మండిపోయింది. కొంగకి చెవులు బయటికి కనపడవని అతనికీ తెలుసు. కానీ గోడకి తగిలించిన ఆ ఫోటో వైపు మళ్ళీ చూస్తే, ఎందుకో కనపడుతున్నట్టే ఉంది.

అతనికి బస్టాండు ఎదురుగా చిన్న స్టూడియో ఉంది. తొమ్మిదేళ్ళుగా తీసినవన్నీ పాస్‌పోర్టు ఫోటోలే. తెల్ల గోడ, గుండ్రటి స్టూలు, "గడ్డం కొంచెం కిందికి, నవ్వొద్దు, క్లిక్." అలవాటు ఎంత ముదిరిందంటే అతను కొండని తీసినా, మేకని తీసినా అది ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నట్టే వస్తుంది. క్లబ్బులో అందరూ అతన్ని ముద్దుగా పాస్‌పోర్టు అని పిలుస్తారు. ముద్దుగానే పిలుస్తున్నారని అతను ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

"అమ్మా, షాపు వదల్లేక నాలుగు నెలలుగా మీటింగులకి వెళ్ళలేదు, ఇది రాస్తున్నదెవరో కనుక్కుని రెండు మాటలు అడిగేసొస్తాను" అన్నాడు.

కౌంటరు దగ్గర ఫోటోలు కత్తిరిస్తున్న తల్లి తలెత్తలేదు. "ఏమడుగుతావురా?"

"కొంగ ఇంకెలా నిలబడాలో అడుగుతాను!"

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. బయట వాన. గొడుగు మూయబోతే అది మూసుకోకుండా వెనక్కి తిరిగింది. ఆమె గొడుగుతో కాసేపు కుస్తీ పట్టి, చివరికి దాన్ని అలాగే తెరిచి నేల మీద పెట్టేసింది.

"పాస్‌పోర్టు సైజు ఫోటో కావాలండీ. అర్జంటు" అంటూ గోడ వైపు చూసింది. చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో... ఈ కొంగ మీదా?"

అతనికి విషయం అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. "బులెటిన్ రాసేది మీరా?"

"మూడు నెలల్నుంచీ నేనే ఎడిటర్ని. పోటీలో పేర్లుండవు కదండీ, నెంబర్లే. మీరని తెలిస్తే..."

"తెలిస్తే రాసేవారు కాదా?"

ఆమె నిజాయితీగా ఆలోచించింది. "రాసేదాన్నే. శుభాకాంక్షలు ఇంకాస్త బాగా చెప్పేదాన్ని."

తల్లి కౌంటరు వెనకాల కిసుక్కున నవ్వింది. సొంత తల్లే ఇలా చేస్తే ఇక ఎవరికి చెప్పుకోవాలి? అతను ముఖం మాడ్చుకుని స్టూలు చూపించాడు.

ఆమెకి కావలసింది చిన్న పనే. పాడైపోయిన పాత ఫోటోలని బాగుచేయడం నేర్పే ఆరు నెలల కోర్సు ఒకటి వేరే ఊళ్ళో మొదలవుతోంది. ఊరికొక్కరికే సీటు, ఈ ఊరి సీటు ఆమెదే. శనివారం సాయంత్రం ఐదింటిలోగా ఫారం ఇక్కడి ఆఫీసులో ఇవ్వాలి. దాని మీద నవ్వని ముఖంతో ఫోటో అంటించాలి. ఆ రోజు సోమవారం.

"గడ్డం కొంచెం కిందికి" అన్నాడు అతను.

ఆమె ఫక్కున నవ్వింది.

"నవ్వొద్దండీ."

"సారీ, సారీ." పెదాలు బిగించింది. కళ్ళు నవ్వాయి. కళ్ళని అదుపు చేసింది. భుజాలు కదిలాయి. అతను క్లిక్ చేసేసరికి స్టూలు మీంచి సగం జారిపోయి ఉంది.

"నాకు చిన్నప్పట్నుంచీ ఇదే రోగమండీ" అంది కళ్ళు తుడుచుకుంటూ. "ఎవరైనా కెమెరా ఎత్తితే చాలు, కితకితలు పెట్టినట్టుంటుంది. మా ఇంట్లో గ్రూపు ఫోటోలన్నిట్లో నేనొక మరకలా ఉంటాను. ఇప్పటికే మూడు స్టూడియోల వాళ్ళు దండం పెట్టి పంపించేశారు."

"నా దగ్గర అలా కుదరదు. తొమ్మిదేళ్ళలో నేను తీయలేకపోయిన ముఖం లేదు" అన్నాడు అతను. ఆ గొప్పలు ఎందుకు పోయాడో తర్వాత చాలా సార్లు అనుకున్నాడు.

మంగళవారం పదకొండు ఫోటోలు తీశాడు. అన్నిట్లోనూ నవ్వే. బుధవారం, ఏదైనా విచారకరమైన సంగతి తలుచుకోమన్నాడు. ఆమె పన్ను పీకించుకున్న రోజు తలుచుకుంది. తీరా ఆ డాక్టరు తప్పు పన్ను పీకబోయిన సంగతి గుర్తొచ్చి కడుపు పట్టుకుంది. గురువారం తల్లి రంగంలోకి దిగింది. వాషింగ్ మెషిన్ గ్యారంటీ కార్డు మీద ఉన్న షరతులన్నీ గంభీరంగా చదివి వినిపించింది. నాలుగో షరతు దగ్గర తల్లికే నవ్వొచ్చి, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నవ్వారు. క్యూలో కూర్చున్న కస్టమర్లకి కూడా అంటుకుంది. ఆ రోజు ఆ స్టూడియోలో ఒక్కరికీ పాస్‌పోర్టు ఫోటో రాలేదు.

అతనికి పీకల దాకా కోపం రావాలి. వచ్చిందేమోనని లోపల వెతుక్కున్నాడు కూడా. కోపం లేదు సరికదా, పొద్దున తొమ్మిదింటికే తలుపు వైపు చూపులు పోతున్నాయి. షేవింగ్ రోజూ చేసుకుంటున్నాడు. "ఏరా, ఇవాళ నీకు కూడా ఫోటో ఉందా?" అని తల్లి అడిగింది.

శుక్రవారం మధ్యాహ్నం అది జరిగింది. లైటు సరిచేస్తుంటే ఆమె కిటికీ అవతల వాననే చూస్తూ ఏదో ఆలోచనలో పడింది. ఇటు తిరిగింది. ముఖం నిమ్మళంగా ఉంది. అతను క్లిక్ చేశాడు. కెమెరా వెనక చిన్న తెర మీద చక్కటి ఫోటో. సూటి చూపు, మూసిన పెదాలు. ఏ ఆఫీసూ కాదనలేనిది.

"వచ్చిందా?" అంది ఆమె ఆత్రంగా.

ఇది ఇస్తే రేపు ఫారం ఇచ్చేస్తుంది. ఎల్లుండి నుంచి స్టూలు ఖాళీ. అతని బొటనవేలు దానంతటదే డిలీట్ బటన్ మీదికి వెళ్ళింది.

"కళ్ళు మూసుకున్నారు" అన్నాడు.

"ఛ! సరే, రేపు పొద్దున్నే వస్తాను. రేపే ఆఖరు" అంది పాపం ఆమె. అతని అబద్ధాన్ని అంత తేలిగ్గా నమ్మేసరికి అతనికి అన్నం సహించలేదు.

శనివారం ఆమె వచ్చేసరికి అతను అన్నీ ఒప్పేసుకుందామని తయారుగా ఉన్నాడు. ఆమె స్టూలు మీద కూర్చుంది. అతను కెమెరా చేతిలోకి తీసుకున్నాడో లేదో ఆమెకి నవ్వు మొదలైంది. కెమెరా లేకుండా మనుషులతో మాట్లాడటం అతనికి అలవాటు లేదు. మొదట డిలీట్ సంగతి చెప్పాలని, తర్వాత అసలు సంగతి చెప్పాలని అనుకున్నాడు. నోట్లోంచి వరస తప్పి వచ్చింది.

"మీరంటే నాకు ఇష్టమండీ."

ఆమె నవ్వు ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. ముఖం కదలకుండా అతని వైపే చూసింది.

క్లిక్.

ఒట్టేసి చెప్పొచ్చు, అతను నొక్కాలనుకోలేదు. నవ్వు ఆగితే వేలు నొక్కుతుంది. తొమ్మిదేళ్ళ అలవాటది.

"ఓహో" అంది ఆమె మెల్లగా. "ఇందుకా?"

"కాదండీ, అది..."

"పన్ను పనిచేయలేదు, గ్యారంటీ కార్డు పనిచేయలేదు. అందుకని ఇదా? ప్రింటు తీయండి."

అతను కంప్యూటరు వైపు తిరిగాడు. ప్రింటు తీశాడు. కంగారులో ఫోటో వైపు చూడనేలేదు. తల్లి కళ్ళజోడు వెతుక్కునే ఓపిక లేక అలవాటు కొద్దీ కత్తిరించి కవర్లో పెట్టింది. ఆమె కవరు తెరవకుండా లాక్కుని వెళ్ళిపోయింది.

"ఏమైందిరా?" అంది తల్లి.

చెప్పాడు. అంతా విని తల్లి, "డిలీట్ చేశావా? సిగ్గుండాలి. ఇవాళ క్లబ్బు మీటింగ్ కదా, వెళ్ళి ఆ పిల్లకి నిజం చెప్పు. షాపు నేను చూసుకుంటాను" అంది.

ఆ క్లబ్బులో ఒక పద్ధతి ఉంది. ఒకప్పుడు బులెటిన్‌లో, సభ్యుడొకరు ఊరి చివర పులిని ఫోటో తీశారని వేశారు. తీరా అది ఎవరో ఆరేసిన చారల దుప్పటి. అప్పట్నుంచీ ఏ వార్తయినా మీటింగులో చదవాలి, నిజమేనని సగానికి పైగా చేతులెత్తాలి, అప్పుడే అచ్చు.

అతను వెళ్ళేసరికి రెండున్నర. ఎడిటర్ నిలబడి చదువుతోంది. అధ్యక్ష స్థానంలో ఆమె బాబాయి. రిటైరైన పశువుల డాక్టరు, పక్షులు తప్ప మరేమీ ఫోటో తీయడు.

"నాలుగో వార్త" అని ఆమె అతన్ని చూసింది, గొంతు పెంచింది. "ఒక స్టూడియో యజమాని, నవ్వు ఆపడం కోసం కస్టమరుతో ఇష్టమని అబద్ధం చెప్పి ఫోటో తీశాడు. సభ్యులు జాగ్రత్తగా ఉండగలరు. నిజమనుకునేవారు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేచింది. అది అతనిదే.

"నువ్వు ఒప్పుకుంటున్నావా ఏమయ్యా?" అన్నాడు బాబాయి.

"లేదు సార్. సవరణ. వార్తలో ఒక మాట తప్పు. 'అబద్ధం' తీసేయాలి."

హాల్లో కలకలం రేగింది. ఇన్నేళ్ళలో ఎవరూ వ్యాకరణానికి తప్ప సవరణ కోరలేదు. పక్షుల ఫోటోలు తీసేవాళ్ళు ఆధారం కావాలన్నారు. పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళు ఇలాంటివాటికి ఆధారాలుండవన్నారు. షట్టర్ స్పీడెంతో చెప్పమని ఒకాయన పట్టుబట్టాడు. చివరికి బాబాయి చెయ్యెత్తి, "ఆ ఫోటో ఏదమ్మా? తే" అన్నాడు.

ఆమె కవరు ఇచ్చింది. బాబాయి భూతద్దం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు. పక్కనున్న పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు ఆవిడకి ఇచ్చాడు. ఆవిడ చూసి, "అయ్యయ్యో" అంది.

ఫోటో వాలిపోయి ఉంది. నుదురు పైన అంతా పోయింది. ఒక చెవి ఉంది, రెండోది లేదు. మొత్తం మీద మంచులోంచి తీసినట్టు మసక.

"ఇది నేనా తీసింది?" అన్నాడు అతను. ఆ క్షణంలో ప్రేమ విషయం కూడా మర్చిపోయాడు. "తల కూడా పూర్తిగా రాలేదు!"

పెళ్ళిళ్ళ ఆవిడ లేచి నిలబడింది. "చూడండి, వీడు కొంగకే రెండు చెవులు తెప్పించినవాడు. అలాంటివాడు ఎదురుగా కూర్చున్న మనిషికి ఒక చెవి వదిలేశాడంటే, వీడు ఫోటో తీయడానికి ఆ మాట చెప్పలేదు. అసలు కెమెరా సంగతే వీడి బుర్రలో లేదు."

ఇంతకంటే గట్టి ఆధారం ఆ క్లబ్బు చరిత్రలో రాలేదు. వరసగా చేతులు లేచాయి. పక్షుల వాళ్ళవి కూడా. ఆఖరికి బాబాయిది కూడా లేచింది.

ఆమె చెయ్యి మాత్రం లేవలేదు. "ఇది చేతులెత్తితే తేలేది కాదు బాబాయ్" అంది. అతని వైపు తిరిగింది. "ఆ మెడలో కెమెరా తీసెయ్యండి. ఉత్త చేతులతో చెప్పండి."

అతను కెమెరా తీసి బాబాయికిచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నిన్న మీ కళ్ళు మూసుకోలేదు" అన్నాడు. "ఫోటో బాగా వచ్చింది. నేనే డిలీట్ చేశాను. మీరు వెళ్ళిపోతారని. పొద్దున అది చెప్పేద్దామనే మొదలుపెట్టాను. మీరంటే ఇష్టమన్న మాట ముందొచ్చేసింది. రెండూ నిజమే."

"నా సీటు పోయేది!" అంది ఆమె.

"తెలుసు."

"రెండేళ్ళు ఎదురుచూశాను ఆ కోర్సు కోసం!"

"తెలుసండీ. తప్పు చేశాను. అలా చేసుండకూడదు."

"ఇది చెప్పకుండా ఉంటే ఇందాకే గెలిచేవారుగా. అందరూ మీ వైపే చేతులెత్తారు."

"మీరు ఎత్తలేదు" అన్నాడు అతను.

ఆమె కోపం ఇంకా అక్కడే ఉంది. కానీ దాని కింద మరేదో వచ్చి చేరినట్టు ముఖం ఎర్రబడింది. గడియారం వైపు చూసింది. మూడూ నలభై.

"ముందు నా ఫోటో తియ్యి. తర్వాత నీ సంగతి చూస్తాను."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఆమె గమనించలేదు. హాల్లో ఉన్న ముప్పై మందీ గమనించారు.

ఇక చూడాలి ఆ హడావిడి. ఒకరు తెల్ల టేబుల్ క్లాతు పీకి గోడకి పట్టుకున్నారు. పక్షుల వాళ్ళు అట్టముక్కలతో వెలుతురు మళ్ళించారు. పెళ్ళిళ్ళ ఆవిడ ఆమె జుట్టు సర్దింది. "షట్టర్ స్పీడెంత?" అని ఒకాయన అడుగుతూనే ఉన్నాడు.

అతను కెమెరా ఎత్తాడు. ఆమె నవ్వలేదు.

"నవ్వు రావట్లేదా?" అన్నాడు మెల్లగా.

"లేదు. భయమేస్తోంది."

"దేనికి?"

"నిన్నటి దాకా ఎప్పుడెప్పుడు వెళ్తానా అని ఉండేది. ఇప్పుడు వెళ్ళాలనిపించట్లేదు. అదే భయం."

అతను కెమెరా దించాడు. "వెళ్ళు" అన్నాడు. "ఆరు నెలలేగా. నేను ఎక్కడికి పోతాను? తొమ్మిదేళ్ళుగా అక్కడే ఉన్నాను." మళ్ళీ ఎత్తి, "తీయనా?" అని అడిగాడు.

"తియ్యి."

ఫోటో చక్కగా వచ్చింది. బాబాయి భూతద్దంతో చూసి, "చెవులు రెండూ ఉన్నాయి" అని ప్రకటించాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఏమయ్యా, మా అమ్మాయి తిరిగొచ్చే లోపు ఒకసారి మీ అమ్మగారిని తీసుకుని ఇంటికి రా" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

స్టూడియోలో ప్రింటు తీసి, తల్లి ఈసారి కళ్ళజోడు పెట్టుకుని కత్తిరించి, ఇద్దరూ ఆఫీసుకి పరుగెత్తేసరికి నాలుగూ యాభై. కిటికీ వెనకాల క్లర్కు ఫారం తిరగేసి, పెదవి విరిచింది.

"ఇక్కడొకటి ఖాళీ వదిలేశారు. అత్యవసరమైతే ఎవరికి తెలియజేయాలి? పేరు, ఫోన్ నెంబరు, మీకేమవుతారు. మూడూ రాయండి."

ఆమె అతని పేరు రాసింది. నెంబరు అతన్నడిగి రాసింది. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది.

"ఫోటోగ్రాఫర్ అని రాయి" అన్నాడు అతను సాయం చేస్తున్నట్టు.

ఆమె రాసింది. అతను వంగి చూశాడు. 'కాబోయే భర్త' అని ఉంది, గుండ్రటి అక్షరాల్లో.

అతను దాన్ని రెండుసార్లు చదివాడు. "నన్నొక్క మాట అడగాల్సింది" అన్నాడు చివరికి.

"అడిగితే కాదంటావా?"

"అనను."

"మరింకేం? పక్కకి జరుగు, సంతకం పెట్టాలి" అంది ఆమె.