భోజనానికి ముందు ప్రార్థన

"శనివారం మధ్యాహ్నం సంతకం పెట్టేదాకా జనరల్ తబూర్ చావకూడదు" అన్నాడు చీఫ్ రామకోటేశ్వరరావు.

"ఆ తర్వాత, సార్?" అన్నాడు ఏజెంట్ అంతోని.

"ఆ తర్వాత ఆయన చావు ఆయన చస్తాడు. మన ఫైల్ క్లోజ్."

1976 ఫిబ్రవరి. విజయవాడ గవర్నర్‌పేటలో ఎరువుల కంపెనీ బోర్డు తగిలించిన మేడ మీది గది. బోర్డు తప్ప ఎరువులకు సంబంధించింది అక్కడ ఏదీ లేదు.

చీఫ్ బల్ల మీద మ్యాప్ పరిచాడు. కరాంబ దీవి. అందులో రెండు జాతులు: కొండవాళ్లు, రేవువాళ్లు. సైన్యం కొండవాళ్లది. దానికి పెద్ద తబూర్. రెండేళ్లుగా అతని సైనికులు రేవువాళ్ల ఊళ్లు తగలబెడుతున్నారు. ప్రాణాలతో మిగిలిన లక్షన్నర మంది హార్బర్ పక్క శిబిరాల్లో ఉన్నారు. శిబిరాల చుట్టూ తబూర్ ఫిరంగులున్నాయి.

"మూడు పొరుగు దేశాలు కలిసి రెండు పక్షాలనీ బల్ల దగ్గరికి తెచ్చాయి" అన్నాడు చీఫ్. "ఫిరంగులు వెనక్కి పోతాయి. శిబిరాలు తెరుస్తారు. పొరుగు సైన్యాలు కాపలా ఉంటాయి. దానికి బదులు తబూర్ మీద కేసులుండవు. కొత్త ప్రభుత్వంలో హోంమంత్రి ఆయనే."

"హోంమంత్రా!"

"సంతకం పెట్టే చేతికి సంకెళ్లు వెయ్యరయ్యా. చంపడం ఆపమని చెప్పగలిగింది చంపించేవాడొక్కడే. ఆయన ఇక్కడ పోయాడంటే అక్కడ ఫిరంగులు పేల్తాయి. లక్షన్నర మంది."

"చర్చలకి బెజవాడే దొరికిందా సార్?"

"ఎమర్జెన్సీ గదా. మన పేపర్లవాళ్లు వచ్చినా రాయలేరు. బయటివాళ్లకి బెజవాడ ఎక్కడుందో తెలీదు."

తబూర్‌ను చంపాలనుకుంటున్నది ఆయుధాలు అమ్మే ఒక విదేశీ ముఠా. రెండు పక్షాలకూ తుపాకులు అమ్మింది వాళ్లే. యుద్ధం ఆగితే వ్యాపారం ఆగుతుంది. వాళ్ల మనిషి విల్మర్ గవర్నర్‌పేటలోనే ఒక లాడ్జిలో దిగాడు. మంగళగిరి చీరలు ఎగుమతి చేస్తానని చెప్పుకుంటున్నాడు.

ఈ కబురు తెచ్చింది 'భామ'.

భామ అసలు పేరు నరువా. రేవు జాతి మనిషి. కూచిపూడిలో ఏడాదిగా నాట్యం నేర్చుకుంటోంది. ఆమె బీసెంట్ రోడ్డులో నడిస్తే సైకిళ్లు ఒకదానికొకటి తగులుకునేవి. ముఠా ఆమెను తమ మనిషిగా పెట్టుకుంది. ఆమె చీఫ్ దగ్గరికి వచ్చి ఆ సంగతి తానే చెప్పేసింది. కొండ భాష, రేవు భాష రెండూ వచ్చు కాబట్టి చర్చలకు దుబాసీగా ఆమెనే తీసుకున్నారు.

"ఆవిడని నమ్మొచ్చా సార్?"

"డబుల్ ఏజెంట్‌ని నమ్మకూడదు. వాడుకోవాలి."

గురువారం సాయంత్రం అంతోని పంచె కట్టి, చీరల మూట భుజాన వేసుకుని లాడ్జి మెట్లెక్కాడు. తలుపు తట్టాడు.

"నిజాం అంచు చీరలు వచ్చినయ్ దొరా" అన్నాడు. భామ ఇచ్చిన కోడ్ అదే.

"రంగు?" అన్నాడు లోపలి మనిషి, వచ్చీరాని తెలుగులో.

"తుఫాను రంగు."

తలుపు తెరుచుకుంది. మూటలోంచి ముందు రివాల్వర్ బయటికొచ్చింది. విల్మర్ దొరికిపోయాడు. అతని గదిలోని టేప్ రికార్డర్‌ను విప్పితే అందులో టైం బాంబు ఉంది. చీఫ్ ఢిల్లీకి ఫోన్ చేసి ప్లాట్ భగ్నమైందని చెప్పాడు. ఆ రాత్రి అందరూ బాగా నిద్రపోయారు.

చర్చలు జరుగుతున్నది బందరు కాలువ గట్టు మీద, మిషన్ వాళ్ల విశ్రాంతి గృహంలో. వంటవాళ్లు, వడ్డించేవాళ్లు, తోటమాలులు అందరూ మారువేషాల్లో ఉన్న పోలీసులు. అంతోని ఏరి మరీ క్రైస్తవుల్నే పెట్టాడు. మిషన్ ఇంట్లో వేరేవాళ్లయితే ప్రార్థన దగ్గర దొరికిపోతారని అతని లెక్క. ఆ ఇంట్లో ప్రార్థన కాకుండా ఎవరూ ముద్ద ముట్టరు.

ఇంటి పెద్ద ఫాదర్ శౌరయ్య. అంతోనికి చదువు చెప్పినవాడు. ప్రార్థనలో కళ్లు తెరిచిన పిల్లల్ని బెత్తంతో కొట్టినవాడు.

శనివారం పొద్దున ఫాదర్ వరండాలో అంతోనిని ఆపాడు.

"ఒరేయ్ అంతోనీ, ఆ దుబాసీ అమ్మాయి ప్రార్థనలో కళ్లు మూసుకోదురా."

"మీకెట్లా తెలుసు ఫాదర్‌గారూ?"

"నేనెప్పుడు మూసుకున్నాను? ఎవడు తెరిచాడో చూడటమే గదా నా పని."

అంతోని నవ్వాడు. "ఆవిడ మన మతం అయ్యుండదులెండి."

"మన మతమే. ఎందుకు మూసుకోవని అడిగావా?"

"అది నా డ్యూటీ కాదండీ."

"నేనడిగాను" అన్నాడు ఫాదర్.

ఇంతలో వైర్‌లెస్ మోగింది. 'మిరప' లోడ్ బయల్దేరింది. మిరప అంటే జనరల్. 'పసుపు' అంటే రేవువాళ్ల నాయకుడు, ఒక ముసలి బడిపంతులు. అంతోని గేటు వైపు వెళ్తూ, వడ్డించే వేషంలో ఉన్న హెడ్ కానిస్టేబుల్ లాజరును పిలిచాడు.

"ప్రార్థనప్పుడు మనవాళ్లంతా కళ్లు తెరిచే ఉంచాలి. చెప్పు."

"అట్టాగేనండి."

జనరల్ అడిగాడని భామ ఆ రోజు పదకొండింటికి నాట్యం చేసింది. పొడుగు జడ, జడ చివర గంటలు. ఆమె తల తిప్పినప్పుడల్లా మోగాయి. జనరల్ చప్పట్లు కొట్టాడు. పంతులు నేల చూస్తూ కూర్చున్నాడు. తర్వాత అందరూ భోజనాల గదిలోకి నడిచారు. సంతకాలు భోజనం తర్వాత. ఆమె వేషం తీయకుండానే వచ్చి, ఎప్పటిలాగే జనరల్ కుర్చీ వెనక నిలబడింది.

"తండ్రీ..." అని మొదలుపెట్టాడు ఫాదర్.

లాజరు కళ్లు మూసుకున్నాడు. వంటవాళ్లు మూసుకున్నారు. తలుపు దగ్గరి ఇద్దరూ మూసుకున్నారు. జనరల్ చేతులు జోడించి, బాగా అలవాటున్న మనిషిలా కళ్లు మూసుకున్నాడు. అంతోని కూడా మూసుకున్నాడు. ఆ గొంతులో ఆ మాట వింటే అతని రెప్పలు ఏడేళ్ల వయసు నుంచీ అలాగే పడేవి.

కళ్లు మూసుకున్నా చెవులు పనిచేస్తున్నాయి. నేల మీద అడుగు చప్పుడు అయింది. గజ్జెలు కదిలాయి. జడగంటలు మాత్రం మోగలేదు.

పదకొండింటి నుంచీ ఆమె కదిలితే గంటలు మోగుతున్నాయి. మోగలేదంటే ఆమె వాటిని చేత్తో పట్టుకుంది.

అంతోని కళ్లు తెరిచాడు. జడ ఆమె భుజం మీదుగా ముందుకు వచ్చి ఉంది. ఒక గంట మూత విప్పి ఉంది. వేళ్ల మధ్య సూది. జనరల్ మెడకు బెత్తెడు దూరం.

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. సూది కింద పరిచిన చాప మీద పడింది. అతను దాని మీద చెప్పు పెట్టాడు. ప్రార్థన నడుస్తూనే ఉంది.

"...ఆమెన్."

జనరల్ కళ్లు తెరిచాడు. పట్టుకున్న చేతులు చూసి నవ్వాడు. కొండ భాషలో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అన్నాడు అంతోని మెల్లగా.

"మీరు అదృష్టవంతులట" అంది నరువా తెలుగులో.

అంతోని చెయ్యి వదలకుండానే ఆమెను బయటికి నడిపించాడు. వెనక లాజరు వచ్చాడు.

"కళ్లు తెరిచి ఉంచమన్నాను గదా!"

"తెరిచే ఉంచానండి. ఫాదర్‌గారు 'తండ్రీ' అనంగానే వాటంతటవే పడిపోయినయ్యండి."

సామాన్ల గదిలో ఆమెను బస్తా మీద కూర్చోబెట్టారు.

"విల్మర్‌ని పట్టిచ్చింది నువ్వే" అన్నాడు అంతోని.

"ఆ విషం సూది ఇచ్చింది అతనే. అతను దొరికితే మీరు నిద్రపోతారని పట్టించాను."

"శిబిరాల్లో లక్షన్నర మంది ఉన్నారు. మీ జాతే. జనరల్ పోతే వాళ్లేమైపోతారు?"

"మా వాళ్లు శిబిరందాకా రాలేదండీ."

ఆమే మళ్లీ చెప్పింది. "మా ఊరివాళ్లంతా చర్చిలో దాక్కున్నారు. ఈ జనరలే వచ్చాడు. భయపడకండి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకోండి అన్నాడు. అందరూ మూసుకున్నారు. నేను మూసుకోలేదు. కిరోసిన్ డబ్బాలు తేవడం చూసి కిటికీలోంచి దూకాను."

రెండింటికి సంతకాలయ్యాయి. మర్నాడు ఫిరంగులు వెనక్కి పోయాయి, శిబిరాలు తెరిచారు. ఆ మేరకు ఒప్పందం పనిచేసింది.

సంతకాలైన సాయంత్రమే చీఫ్ జీపులో వచ్చి అంతోని భుజం తట్టాడు.

"ఆవిడని ఏం చెయ్యాలి సార్?"

"ఒప్పందంలో ఉంది. ఇట్లాంటి నేరం చేసినవాళ్లని ఆ దేశానికి అప్పగించాలి."

"ఎవరికి?"

"హోంమంత్రికి" అన్నాడు చీఫ్, ఎటో చూస్తూ.

జీపు వెళ్లాక అంతోని భోజనాల గదిలోకి వెళ్లాడు. ఫాదర్ ఒక్కడే బల్ల తుడుస్తున్నాడు.

"ఫాదర్‌గారూ, ఆవిడ మీకు ఎదురుగానే నించుంది. మీరు ప్రార్థనలో కళ్లు మూసుకోరు గదా."

ఫాదర్ గుడ్డ పిండి, పక్కన ఆరేశాడు.

"ఇవాళ మూసుకున్నాన్రా" అన్నాడు.